తెరలో పట్టని చేతులు

జైలు క్వార్టర్సు,
వానలు మొదలైన వారం.

పిచ్చుకకి,

వదిన రాస్తున్నది. నా చేతిరాత గుర్తుపట్టి చింపకుండా పక్కన పడేస్తావేమోనని, కవరు మీద చిరునామా మా ఆఫీసు కుర్రదానితో రాయించాను. మీ అన్నయ్య పోయాక మనిద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. నీ గొంతులో ఆయన గొంతు వినపడుతుంది. నాకంత ధైర్యం లేదు.

నిన్న నా బల్ల మీదకి ఒక వకీలుగారి దరఖాస్తు వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఉన్న ఒక విచారణ ఖైదీతో మాట్లాడాలట. ఆమెకి పుట్టినప్పట్నుంచీ వినపడదు, చదువూ లేదు. కాబట్టి సైగల భాష తెలిసిన దుబాసీ కావాలన్నారు. దుబాసీ పేరు రాసే చోట నీ ఫొటో అంటించి ఉంది. చిక్కిపోయావు.

నేను స్టోర్సు నుంచి ములాఖత్ విభాగానికి మారి చాలా కాలమైంది. బంధువులొచ్చే కిటికీ వేరే. నా దగ్గరికి పని మీద వచ్చేవాళ్ళే వస్తారు. వకీళ్ళు, డాక్టర్లు, మనసు పరీక్ష చేసేవాళ్ళు, ఇప్పుడు నీలాంటి దుబాసీలు. ఎవర్ని ఏ గదిలో కూర్చోబెట్టాలి, ఎవరు ఊళ్ళోనే ఉండి వీడియో తెర మీద మాట్లాడతారు, ఎవరికి ఏ పూట ఇవ్వాలి, ఇదే నా గోల. ఇద్దరు వకీళ్ళు ఒకే గంట అడిగారంటే పెళ్ళిసంబంధం కుదిర్చినంత పని.

ఆడవాళ్ళ వైపు ముఖాముఖి మాట్లాడే గది ఒక్కటే. దాని కప్పు కారుతోంది, బాగుచేసేదాకా తాళం వేశారు. అందుకని మీకు తెర ములాఖత్ ఇచ్చాను. ఒకప్పటి మందుల కొట్టును రెండుగా చీల్చి తెరగది చేశారు, ఇప్పటికీ ఆ వాసన పోలేదు. ఆఫీసు జవాబు విడిగా వస్తుంది. అందులో నేను అధికారిని. ఇందులో నీ వదినని.

ఆమెని ఇక్కడ అందరూ మూగది అంటారు. పక్కన ఎవరూ కూర్చోరు. లోపలి సంగతులు ఇంతకంటే రాయకూడదు.

జవాబు రాయకపోయినా పర్లేదు. వేళకి తెర ముందుకి రా.

మీ వదిన

*

రైలు వంతెన పక్క వీధి,
వానలు.

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. తెర ములాఖత్ కూడా అయింది. మాకు సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు.

మీ విభాగానికి రెండు మనవులు. మొదటిది: తెరగదిలో కెమెరా చాలా ఎత్తుగా ఉంది. నాకు ఆమె తల, భుజాలు మాత్రమే కనిపించాయి. సైగ చేసేటప్పుడు చేతులు పైకి లేస్తే కనిపిస్తున్నాయి, దిగితే మాయమైపోతున్నాయి. మాట్లాడే మనిషి నోటిని మాటమాటకీ ఎవరో మూసేస్తుంటే మీరు ఎంత అర్థం చేసుకోగలరో నేనూ అంతే చేసుకోగలిగాను. బొమ్మ మధ్యమధ్య ఆగిపోతోంది కూడా. ముఖాముఖి ములాఖత్ ఇప్పించవలసిందిగా వకీలుగారు మళ్ళీ రాస్తారు.

రెండోది: వకీలు మాట్లాడేటప్పుడు సిబ్బంది ఎవరూ లోపల ఉండకూడదని మీ నిబంధనల్లోనే ఉంది. కానీ కెమెరా వెనక ఎవరో నిలబడ్డారు. ఆమె మాటిమాటికీ అటే చూస్తోంది. ఒకసారి పక్కకి జరిగి దారి కూడా ఇచ్చింది. దయచేసి విచారించగలరు.

ఆమెని మూగది అనవద్దని మీవాళ్ళకి చెప్పండి. వినపడనివాళ్ళు ఒకరినొకరు సైగతోనే పేరు పెట్టి పిలుచుకుంటారు. ఆమె పేరుకి చూపుడువేలు గడ్డం మీద ఆనించాలి, అక్కడ పుట్టుమచ్చ ఉంది. మాటల్లో చెప్పాలంటే ‘చుక్క’ అనుకోండి.

కేసు సంగతి పేపర్లో వచ్చినంత మీకూ తెలుసు. ఆమె చూసుకుంటున్న ముసలాయన మేడమీది వసారా నుంచి పడి చనిపోయాడు. ఆమె రెండు చేతులూ ముందుకి చాచడం ఎదురింటావిడ చూసింది. మాలో మేము మాట్లాడుకున్నది నేను రాయకూడదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

జైలు క్వార్టర్సు,
ముసురు.

పిచ్చుకా,

ఎప్పట్నుంచి నేను నీకు ‘మీరు’ అయ్యాను? మా పెళ్ళయిన కొత్తలో నా దువ్వెన ఎత్తుకుపోయి ‘ఇవ్వను పో’ అన్నదానివి నువ్వు.

నువ్వు రాసింది చదివాక నేనే వెళ్ళి కనుక్కున్నాను. తెరగదిలో ఎవరూ లేరు. వార్డరమ్మ బయటే, అద్దం అవతల వీపు పెట్టి కూర్చుంది. కెమెరా వెనక ఉన్నది గోడ. దానికీ కెమెరాకీ మధ్య మనిషి పట్టేంత చోటు కూడా లేదు. ఇంకేం రాయమంటావు?

చుక్క అన్న పేరు వార్డరమ్మలకి చెప్పాను. ఇద్దరు నవ్వారు. ఒకామె మాత్రం నిన్న అన్నం గంట కొట్టాక వెళ్ళి గడ్డం మీద వేలు పెట్టుకుని పిలిచిందట. చుక్క చాలాసేపు ఆమెనే చూస్తూ ఉండిపోయిందట.

ఇప్పుడు రాయకూడనిది రాస్తున్నాను. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు కాసేపు నడుం వాలుస్తారు. అప్పుడు చుక్క నిద్రలో చేతులు లేపుతుందని, ఎవరినో పిలుస్తుందని, పక్కవాళ్ళంతా తమ చాపలు అవతలి గోడకి జరుపుకున్నారు. పడి చచ్చిన ముసలాయనే వస్తున్నాడని వాళ్ళ నమ్మకం. నా పని కాకపోయినా వెళ్ళి కటకటాల బయట నిలబడి చూశాను. కళ్ళు మూసే ఉన్నాయి, ఊపిరి కూడా నిద్రలో ఉన్నట్టే ఉంది. ఉన్నట్టుండి రెండు చేతులూ గాలిలోకి చాచింది. గుప్పెళ్ళు బిగించింది. బిగించిన గుప్పెళ్ళని గుండెల మీదకి గుంజుకుని, బోర్లా తిరిగి, వాటి మీదే పడుకుంది. కాసేపటికి మళ్ళీ అదే. అంతమంది ఉన్న గదిలో చిన్న చప్పుడు లేదు.

నాకు మామూలుగానే చేతులంటే భయం, పిచ్చుకా. ఎందుకో ఇప్పుడు రాయను.

గది కప్పు ఇంకా బాగుచెయ్యలేదు. మళ్ళీ తెరే ఇస్తున్నాను, కోప్పడకు.

వదిన

*

వంతెన పక్క వీధి,
వాన తెరిపిచ్చింది.

వదినా,

నీ ఉత్తరం చదివినప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఎవరికీ చెప్పకూడనిది నీకు చెప్పేస్తున్నాను. చదివి చింపెయ్యి.

మొదటి రోజు వకీలుగారు, ఆ క్షణంలో ఏం చేశావని అడగమన్నారు. నేను అడిగాను. చుక్క రెండు చేతులూ నావైపు చాచింది, అరచేతులు నాకేసి. అంతవరకే తెరలో ఉంది. చేతులు కిందికి దిగిపోయాయి. కింద ఇంకేదో చేసింది, భుజాలు కదలడం చూశాను. మళ్ళీ చెప్పమనేలోపు బొమ్మ ఆగిపోయింది. వకీలుగారు నావైపు చూశారు. నేను ‘తోసినట్టు చూపిస్తోంది’ అన్నాను.

నా నోటితో అన్న మాట అది. ఆయన రాసుకున్నారు. చుక్క పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలంలో ఉన్నదీ అదే మాట. అప్పుడు ఎదురింటావిడ సైగలకి అర్థం చెప్పింది. ఇప్పుడు అన్నీ నేర్చుకున్న దుబాసీని నేనూ అదే చెప్పానంటే ఇక ఆమెకి దిక్కేముంది? నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందేమో ఆలోచించమని వకీలుగారు నిన్న అన్నారు.

రెండో ములాఖత్‌లో, ఎవరిని చూస్తున్నావని చుక్కని అడిగాను. ముసలాయన్ని, అంది. నా వెనక నిలబడ్డాడట. కెమెరా వెనక కాదు వదినా, తెరలో నా వెనక, నా గదిలో. కోపంగా ఉన్నాడా అని అడిగాను. లేదంది. చొక్కా చించుకుని వచ్చాడంది. చిరిగిన చోటు చూపించబోయింది, చేతులు తెర కిందికి జారిపోయాయి. లేచి నిలబడమన్నాను. నిలబడితే తల తెగిపోయి నడుము కనిపించింది. మొహం లేకుండా సైగ సగమే. ఇంతలో బొమ్మ ఆగింది. చేతులు చాచుకునే తెర మీద ఉండిపోయింది. ఆ తర్వాత మీ సమయం అయిపోయిందని తెర నల్లబడింది.

అప్పట్నుంచి నా గదిలో గోడకి వీపు ఆనించకుండా కూర్చోలేకపోతున్నాను. నవ్వు, ఫర్వాలేదు.

తోసేవాళ్ళు గుప్పెళ్ళు బిగించరు. నువ్వు చూసిందే నిజమైతే నేను చెప్పింది అబద్ధం. వాయిదా దగ్గర పడుతోంది. ఎలాగైనా నన్ను ఆమె ఎదురుగా కూర్చోబెట్టు. కప్పు కారితే కారనీ, గొడుగేసుకుని కూర్చుంటాం.

పిచ్చుక

*

జైలు క్వార్టర్సు,
ఎండ కాసిన రోజు.

పిచ్చుకా,

సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళాను. అంత డబ్బు పోసి తెర పెట్టించింది ఎందుకమ్మా, అన్నారు. మాట్లాడేవాళ్ళ కోసం పెట్టించారు సార్, చేతులతో మాట్లాడే మనిషికి చేతులు కనపడకపోతే ఫోను తీగ కోసి చేతికిచ్చినట్టే, అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కోర్టు చెప్తే చేస్తానన్నారు. ఆ సాయంత్రమే మీ వకీలుగారికి కబురు పెట్టాను. ఆయన నిజంగానే కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చారు. సార్ సంతకం పెడుతూ, ఈ దుబాసీ నీకేమవుతుంది, అన్నారు. ఆడపడుచు అని చెప్పేశాను. దాచి తర్వాత పట్టుబడటం కంటే అదే మంచిదనిపించింది. ఆ రోజు సోదా దగ్గర, గది దగ్గర నేను ఉండకూడదని, వేరే వాళ్ళని పెడతానని అన్నారు. న్యాయమే.

కప్పు మీద పట్టా కప్పించాను. కారే మూల బక్కెట్టు పెట్టించాను. మధ్యలో ఉన్న బల్ల తీయించాను. రెండు కుర్చీలు ఎదురెదురుగా, వకీలుగారికి పక్కన ఒకటి. కిటికీ నీ వెనక పడేలా చూశాను, వెలుగు చుక్క చేతుల మీద పడాలి కదా.

అసలు గుర్తింపు కార్డు తెచ్చుకో, నకలు పనికిరాదు. ఉంగరాలు, గడియారం వద్దు. చేతులు స్పష్టంగా కనపడేలా ముదురు రంగు బట్టలు కట్టుకో అని నీకు నేను చెప్పక్కర్లేదు. సోదా చేసే ఆమె కాస్త కరుకు మనిషి, పట్టించుకోకు.

పని అయ్యాక ఇంటికి రా. నిన్ను ఒకటి అడగాలి. ఉత్తరంలో అడిగేది కాదు, చేసి చూపించాలి.

వదిన

*

వంతెన పక్క వీధి,
నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు.

వదినా,

రైల్లో నిద్రపట్టేసింది. ఎన్నాళ్ళకో.

గదిలో జరిగింది ఇప్పుడు రాయొచ్చు, వకీలుగారు దాన్ని కోర్టులో దాఖలు చేసేశారు. చుక్క నాకు రెండడుగుల దూరంలో కూర్చుంది. ముసలాయన పావురాలకి గింజలు వెయ్యడానికి పీట ఎక్కాడు. ఆయన ముందుకి తూలడం ఆమె లోపల్నుంచి చూసింది. అరవడానికి గొంతు లేదు, అరిచినా ఆయనకి చెవుడే. పరుగెత్తింది. రెండు చేతులూ చాచింది, చొక్కా వెనక భాగం పట్టుకుంది, గుండెల మీదకి గుంజింది. గుడ్డ ఆమె గుప్పెట్లో మిగిలింది. మనిషి మిగల్లేదు. పెనుగులాటలో చిరిగిందని పోలీసులు రాసుకున్న గుడ్డ అదే.

ఆ ఆఖరి సైగ ఆమె భుజాల కింద, గుండెలకీ నడుముకీ మధ్య చేస్తుంది వదినా. తెర అక్కడిదాకా రాదు. నేను ముందు చెప్పింది తప్పని, తెర వల్ల సగమే చూశానని వకీలుగారికి రాసిచ్చాను. దుబాసీగా నా మాట మీద ఇకముందు ఎవరికైనా నమ్మకం ఉంటుందో ఉండదో తెలియదు. ఉండకపోయినా సరే.

చుక్క నా వెనక్కి ఒక్కసారే చూసింది. ముసలాయన వచ్చాడా అని అడిగాను. వచ్చాడు, కూర్చోవడానికి కుర్చీ లేదని నిలబడ్డాడు, అంది. వకీలుగారు ఏమంటోందని అడిగారు. అన్నదే చెప్పాను. ఆయన తన కుర్చీలో అటూ ఇటూ కదిలారు.

ఇక నీ వంటింట్లో నువ్వు అడిగింది. మా అమ్మకి వినపడదు కనక అన్నయ్యా నేనూ మాటల కంటే ముందు చేతులు నేర్చుకున్నామని నీకు తెలుసు. ఆసుపత్రిలో అన్నయ్య నోట్లో గొట్టం ఉన్న ఆ రోజు, నేను దూరదేశంలో ఉండి ఫోనులో చూస్తుంటే, నువ్వు ఫోను ఆయన మొహానికి పెట్టి పట్టుకున్నావు. నాకు మొహం మాత్రమే కనిపించింది. కింద దుప్పటి మీద ఆయన చేతులు కదులుతూనే ఉన్నాయని, అవి నాకోసమేనని నీకు తోచలేదని, ఆ చేతులే నిన్ను ఇన్నాళ్ళూ తినేస్తున్నాయని చెప్పావు. నిలబడి చేసి చూపించావు. వేలు ఒకసారి పైకి, తర్వాత అరచెయ్యి కిందికి, మెల్లగా, మళ్ళీ మళ్ళీ. మా అమ్మ భాషలో దానికి అర్థమేమిటని అడిగావు.

నేను చెప్పాను కదా. ‘మీ వదినని చూసుకో’ అన్నాడు. నువ్వు పొయ్యి కట్టేసి అక్కడే కింద కూర్చుండిపోయావు. నీ ఏడుపు చూసి నాకు భయం వేసింది, తర్వాత తేలికపడ్డాను. ఇంకా మాటలు చాలా ఉన్నాయి. మళ్ళీ వస్తాను.

పిచ్చుక

*

జైలు క్వార్టర్సు,
చలి మొదలు.

పిచ్చుకా,

వాయిదాకి ముందు మీ వకీలుగారు మరొకసారి తెర ములాఖత్ అడిగారు కదా, మొన్నటిది. ఆ రోజు వార్డరమ్మకి జ్వరం. చుక్కని తెరగదిలో కూర్చోబెట్టి రమ్మని సార్ నన్నే పంపారు. తలుపు వేసి వచ్చేద్దామనుకున్నాను. చుక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. కెమెరా వైపు వేలు చూపించింది. తర్వాత అరచెయ్యి బోర్లించి కిందికి దించింది. మెల్లగా. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ.

మందుల వాసనొకటి, ఆసుపత్రిలో ఉన్నట్టే ఉంది. కాసేపు అక్కడున్నది చుక్కో ఆయనో నాకు తెలియలేదు.

తర్వాత స్టూలు తెప్పించుకుని ఎక్కి, మర విప్పి, కెమెరా ఆమె నడుము కనపడేంత కిందికి దించాను. ఎవరి అనుమతీ అడగలేదు. సార్‌కి మర్నాడు చెప్పాను. ఇకమీదట అలాగే ఉంచమన్నారు.

చుక్క ప్రతిసారీ వార్డరమ్మకి అదే చెప్తూ వచ్చిందట. చేతులు ఊపుతోంది, అంతే, అనుకున్నారట వాళ్ళు.

ఆ సైగకి మీ అమ్మ భాష అక్కర్లేదు పిచ్చుకా. ఎవరైనా అలాగే చేస్తారు. నేను ఫోను పట్టుకున్న ఆ కాసేపట్లో ఆయన అన్నది నన్ను చూసుకోమని కాదు. నా వంటింట్లో నువ్వు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగావు. అప్పుడే అనుమానం వచ్చింది, వద్దనుకుని నమ్మాను. నమ్మిన ఆ కొన్ని వారాలూ బాగా నిద్రపోయాను, అదీ నిజమే.

ఎవరో తెలియని మనిషి కోసం ఒక్క మాట తప్పు పోయిందని ఇంత దూరం వచ్చావు. నా దగ్గర మాత్రం మాట మార్చావు. నీ మీద కోపం లేదు. కానీ నువ్వే చెప్పు. దుబాసీగా చెప్పు, ఆడపడుచుగా కాదు. ఆయన ఏమన్నాడు?

వదిన

*

వంతెన పక్క వీధి,
చలికాలం.

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఇప్పుడు రాస్తున్నాను.

‘ఫోను కిందికి దించు’ అన్నాడు. అంతే. నువ్వు చూపించగానే నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత నాతో ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు, నీకూ తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. నువ్వు మూడేళ్ళు మోసినదాని మీద ఈ మాట కూడా ఎక్కించలేక మార్చాను. ఇంకెప్పుడూ మార్చను.

చుక్క వాయిదా నిన్న జరిగింది. జడ్జిగారు ఇంకో దుబాసీని కూడా పిలిపించారు. నన్ను బయట కూర్చోబెట్టి, ఆమెతో మొదట్నుంచీ చెప్పించారు. ఆ దుబాసీ ఏమర్థం చెప్తున్నాడో తెలియక నేను వరండాలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. అతనూ అదే చెప్పాడట. చాచింది, పట్టుకుంది, గుంజింది. ఎదురింటావిడని గుచ్చి అడిగితే, చేతులు చాచడం చూశాను, తోయడం చూడలేదు, అందట. సాయంత్రానికి చుక్కని వదిలేశారు.

ఆమెకి వెళ్ళడానికి ఇల్లు లేదు. వినపడని ఆడవాళ్ళ హాస్టలు ఒకటి ఉంటే మాట్లాడి, నేనే బస్సులో తీసుకెళ్ళాను. కిటికీ పక్క కూర్చుంది. ఆమెకీ నాకూ మధ్య కాస్త చోటు వదిలింది. ఎవరికని నేను అడగలేదు. బస్సు నిండా జనం, ఆ చోట్లో ఎవరూ కూర్చోలేదు.

దారిలో ఆమే నీ గురించి అడిగింది. స్టూలెక్కి కెమెరా దించినామె నీకేమవుతుంది, ఆ రోజు ఎందుకంత ఏడ్చింది, అని. ఆ రోజు తెరలో ఆమె నడుము దాకా కనిపిస్తుంటే కెమెరా ఎవరు దించారా అనుకున్నాను, అక్కడ ఏడ్చావని మాత్రం నువ్వు నాకు రాయలేదు. చెప్పాను. అన్నయ్య సంగతి, ఫోను సంగతి, నేను నీకు చెప్పిన అబద్ధం, అన్నీ. అన్నయ్య చివరి మాట ఎవరికీ చేరకుండానే పోయిందన్నాను.

చుక్క నావైపు తిరిగి, చేతులు ఒడిలోనే ఉంచి చిన్నగా అంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఒక్క మాట కలపలేదు.

“చేరింది. ఆలస్యంగా. దించింది కదా.”

పిచ్చుక